మూడు ప్రోగ్రాములు, నాలుగు ఉష్ణోగ్రతలు: ఏ అంకెను నమ్మాలి?

నమస్కారమండి. మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది: ఐ5-12400 ప్రాసెసర్, దానితో పాటు డబ్బాలో వచ్చిన కూలర్, విజయవాడలో ఏసీ లేని గది. వీడియో రెండర్ పెడితే కోర్ టెంప్ అనే ప్రోగ్రాము 78 చూపిస్తోంది. అదే సమయంలో మదర్‌బోర్డు కంపెనీ సాఫ్ట్‌వేర్ 61 అంటోంది. హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనే ఇంకో ప్రోగ్రాములో ఒక వరస 127 దగ్గర, ఇంకో వరస 27.8 దగ్గర కదలకుండా ఉన్నాయి. వీటిలో ఏది నిజం, అసలు ఈ సాఫ్ట్‌వేర్లను ఎంతవరకు నమ్మొచ్చు, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్టు మార్చాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. మీరు చూడాల్సింది 78. ఆ 61 కూడా తప్పు కాదు, అది వేరే చోటి వేడి. 127, 27.8 మాత్రం ఉష్ణోగ్రతలే కావు, వాటిని పట్టించుకోకండి. ఎండాకాలంలో, ఏసీ లేని గదిలో, కంపెనీ కూలర్‌తో రెండర్ చేస్తున్న 12400కు 78 అంటే కంగారు పడాల్సిన పనేమీ లేదు. పేస్టు కోసం ఇప్పుడే విప్పకండి. ఎందుకో వివరంగా రాస్తాను. ఈ సంగతి తెలియక, బాగా పనిచేస్తున్న కూలర్ పీకేసి వేలు పోసి కొత్తది కొన్నవాళ్లను చాలామందిని చూశాను.

ఈ ప్రోగ్రాముల్లో ఏదీ వేడిని కొలవదు. కొలిచేది చిప్పులోనో బోర్డు మీదో ఉన్న సెన్సర్. సెన్సర్ రాసిపెట్టిన అంకెను ప్రోగ్రాము చదువుతుంది, దానికో లెక్క కడుతుంది, పక్కన ఒక పేరు తగిలించి తెరమీద పెడుతుంది. కాబట్టి రెండు ప్రోగ్రాముల మధ్య తేడా వచ్చిందంటే వెతకాల్సింది మూడు చోట్ల: ఏ సెన్సర్ చదివింది, ఏ లెక్క కట్టింది, ఏ పేరు పెట్టింది. నేను చూసినంతలో ఎక్కువ గందరగోళం పేరు దగ్గరే పుడుతుంది. "సీపీయూ" అనే ఒకే పేరు కింద మూడు వేర్వేరు చోట్ల వేడి కనిపిస్తుంటే ఎవరికైనా అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

మీది ఇంటెల్ కాబట్టి దాంతో మొదలుపెడతాను. మీ ప్రాసెసర్‌లో ప్రతి కోరులోనూ (లెక్కలు చేసే భాగంలోనూ) డిజిటల్ థర్మల్ సెన్సర్ ఉంది. అది "ఇప్పుడు నా వేడి 78 డిగ్రీలు" అని చెప్పదు. "నా హద్దుకు ఇంకా 22 డిగ్రీల దూరంలో ఉన్నాను" అని మాత్రమే చెబుతుంది. ఆ హద్దునే టీజే మ్యాక్స్ అంటారు. అక్కడికి చేరితే ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఆ దూరం ప్రాసెసర్ లోపలి ఒక ఎంఎస్ఆర్ రిజిస్టరులో, అంటే ప్రాసెసర్ తన స్థితి రాసిపెట్టుకునే చిన్న గడిలో, 7 బిట్ల అంకెగా ఉంటుంది. ప్రోగ్రాము దాన్ని చదివి, మరో రిజిస్టరు నుంచి టీజే మ్యాక్స్ చదువుతుంది. మీ 12400కు అది 100. వందలోంచి 22 తీసేస్తే 78. లెక్క మొత్తం ఇంతే. కోర్ టెంప్ అయినా, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రాము అయినా, లినక్స్‌లో కోర్‌టెంప్ డ్రైవర్ అయినా చదివేది ఆ రిజిస్టర్లే. అందుకే కోరు ఉష్ణోగ్రత విషయంలో "ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కువ కరెక్టు" అనే ప్రశ్నకు ఇప్పుడు పెద్దగా అర్థం లేదు. రెండిటి మధ్య రెండు మూడు డిగ్రీలు తేడా కనబడితే, రెండూ వేర్వేరు క్షణాల్లో చదివాయని, లేదా ఒకటి ఒక్క కోరు అంకె, ఇంకోటి మొత్తం ప్యాకేజీలో (అంటే ప్రాసెసర్ మొత్తంలో) అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటి అంకె చూపిస్తోందని అనుకోండి.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. టీజే మ్యాక్స్‌ను చదవగలిగే రిజిస్టరు 2008 చివర్లో వచ్చిన నెహలెమ్ తరం నుంచి మొదలైంది. దానికి ముందు కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో దూరం తెలిసేది గానీ, ఆ దూరం ఏ హద్దు నుంచో ఇంటెల్ బయటికి చెప్పేది కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఎవరికి వాళ్లు ఊహించుకునేవాళ్లు. ఈ8400 అనే ప్రాసెసర్‌కు రియల్ టెంప్ అనే ప్రోగ్రాము 95 అనుకుంది, కోర్ టెంప్ 105 అనుకుంది. ఒకే చిప్పు, ఒకే సెన్సర్, ఒకే క్షణం, తెరమీద 10 డిగ్రీల తేడా. 2008లో తన డెవలపర్ సదస్సుల్లో ఇంటెల్ ఆ విలువలు వెల్లడించాక ఈ8400కు 100 అని తేలింది. "కోర్ టెంప్ ఎక్కువ చూపిస్తుంది, ఫలానాది తక్కువ చూపిస్తుంది" అని ఇప్పటికీ వినబడే మాటలకు మూలం ఆ రోజులే. అప్పటి మాటల్ని మీ 12400కు వర్తింపజేయకండి.

ఇప్పుడు అసలు విషయం. లెక్క సరైనదే, మరి సెన్సర్ ఎంత కచ్చితం? ఈ సెన్సర్‌ను పెట్టింది మనకు అంకెలు చూపించడానికి కాదు. చిప్పు కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి. కాబట్టి ఫ్యాక్టరీలో దాన్ని సరిచేసేది హద్దుకు దగ్గరగా ఉన్న వేడి దగ్గరే. 90, 95, 100 దగ్గర అది చెప్పే మాట గట్టిగా నమ్మొచ్చు. హద్దు నుంచి కిందకు పోయేకొద్దీ తప్పు పెరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఒక కోరు 36, దాని పక్క కోరు 43 చూపించడం మామూలే. రెండు కోర్ల మధ్య నిజంగా 7 డిగ్రీల తేడా ఉందని దానర్థం కాదు, సెన్సర్లు కింది వైపు అంత నమ్మకంగా ఉండవని అర్థం. లోడ్ (బరువైన పని) పెట్టి 85 దాటించి చూస్తే సెన్సర్ల వల్ల వచ్చిన తేడా చాలామటుకు తగ్గిపోతుంది. అప్పటికీ మిగిలే తేడా కూలర్ అడుగు సరిగ్గా ఆనకపోవడం వల్లనో, ఆ కోరు నిజంగానే ఎక్కువ పని చేయడం వల్లనో అయి ఉంటుంది. "ఐడిల్‌లో మా ఫ్రెండుది 31, నాది 38, ఏదో లోపం ఉంది" అని బాధపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఐడిల్ అంకెలను ఒక మెషిన్‌కూ ఇంకో మెషిన్‌కూ మధ్య పోల్చకండి. దశాంశాలు చూసి కూడా మోసపోవద్దు. ఇంటెల్ కోరు సెన్సర్ ఒక్కో డిగ్రీగానే చెబుతుంది. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ చేసే రైజెన్ ప్రాసెసర్లలో డిగ్రీలో ఎనిమిదో వంతు దాకా అంకె వస్తుంది, అయినా అది స్కేలు మీద సన్నగా గీసిన గీత మాత్రమే. గీత సన్నగా ఉన్నంత మాత్రాన కొలత కచ్చితమైపోదు.

ఏఎండీ వాడేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఆ సంగతీ చెబుతాను. అక్కడ కథ ఇంకా చిక్కుగా ఉండేది. పాత ఫెనామ్, ఎఫ్ఎక్స్ ప్రాసెసర్ల రోజుల్లో ప్రాసెసర్ ఇచ్చే అంకె పేరు టీకంట్రోల్. అది నిజమైన ఉష్ణోగ్రత కాదని, ఫ్యాన్‌ను నడపడానికి వాడే ఒక కొలమానమని ఏఎండీ తన డాక్యుమెంట్లలో స్పష్టంగానే రాసింది. కానీ ప్రోగ్రాములు దాన్ని డిగ్రీలని చూపించాయి. దాంతో 30 డిగ్రీల గదిలో ఎఫ్ఎక్స్ ప్రాసెసర్ 12 డిగ్రీలని చూసి జనం ఆశ్చర్యపోయేవాళ్లు. ఫెనామ్ తరంలో ఏఎం2 ప్లస్ సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) చిప్పులు కొన్నిట్లో సెన్సరే నమ్మదగ్గది కాదని తెలిసి, లినక్స్ వాళ్లు తమ కే10టెంప్ డ్రైవర్‌ను వాటి మీద మామూలుగా లోడ్ కాకుండా ఆపేశారు. వినియోగదారు బలవంతపెడితే తప్ప అంకె చూపించదు. తప్పు అంకె చూపించడం కన్నా చూపించకపోవడం మేలన్న ఆ నిర్ణయం నాకు చాలా నచ్చింది. విండోస్ ప్రోగ్రాములన్నీ ఆ పద్ధతి పాటిస్తే ఈ రోజు మీకు 127 కనబడేది కాదు.

2017లో మొదటి రైజెన్లు వచ్చినప్పుడు 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లలో ఏఎండీ కావాలనే 20 డిగ్రీలు కలిపి చెప్పించింది. అన్ని రకాల రైజెన్లకూ ఫ్యాన్ ఒకే తీరున నడవాలన్నది ఉద్దేశం. 2700ఎక్స్‌కు 10, మొదటి థ్రెడ్‌రిప్పర్లకు 27. ఈ సంగతి తెలిసిన ప్రోగ్రాము 20 తీసేసి అసలు వేడి చూపించింది, తెలియని పాత వెర్షన్ కలిపిందే చూపించింది. కాబట్టి పాత రైజెన్ ఉన్నవాళ్లు ప్రోగ్రాము కొత్త వెర్షన్ వాడాలి, "టీడై" అన్న వరస (ఏమీ కలపని అసలు వేడి) ఉంటే అదే చూడాలి. తర్వాతి తరాల మామూలు డెస్క్‌టాప్ రైజెన్లలో ఈ కలపడం లేదు. కానీ వాటికి వేరే గుణం ఉంది: ఏమీ చేయకుండా కూర్చున్నా 42, 55, 44, 57 అని గంతులేస్తాయి. వెనకాల చిన్న పని తగిలినా ఒక కోరు క్షణంపాటు పూర్తి వేగానికి వెళ్లి వస్తుంది, ఆ చిన్న చోట సెన్సర్ ఆ వేడిని వెంటనే పట్టేస్తుంది. అది లోపం కాదు. 7950ఎక్స్ లాంటివి పూర్తి లోడ్‌లో 95 దగ్గర నిలబడేలాగే తయారుచేశారు, దానికీ బెదరక్కర్లేదు.

ఇక మీ 61 సంగతి. మదర్‌బోర్డు మీద సూపర్ ఐఓ అని ఒక చిన్న చిప్పు ఉంటుంది, ఎక్కువగా నువోటన్ లేదా ఐటీఈ కంపెనీది. ఫ్యాన్ల వేగం, వోల్టేజీలు, బోర్డు మీద అక్కడక్కడా ఉన్న థర్మిస్టర్లనే చిన్న సెన్సర్ల వేడి అదే చదువుతుంది. బోర్డు కంపెనీ సాఫ్ట్‌వేర్ చాలాసార్లు దీన్నుంచే తీసుకుంటుంది. సాకెట్ దగ్గరున్న సెన్సర్ వేడి, సిలికాన్ లోపలి వేడి ఒకటి కావు. పొయ్యిమీద అన్నం గిన్నె అడుగు కాలినంతగా మూత కాలదు కదా, ఇదీ అంతే. లోడ్‌లో రెండిటికీ 15, 20 డిగ్రీల తేడా ఉండటం సహజం. కొన్ని బోర్డుల్లో ఇదే చిప్పు పెసీ అనే తీగ ద్వారా ప్రాసెసర్ లోపలి అంకెను కూడా తెచ్చుకుంటుంది, అప్పుడు రెండూ దాదాపు కలుస్తాయి. మీ బోర్డులో ఏ పద్ధతో కనిపెట్టడానికి చిన్న పరీక్ష ఉంది, కింద రాస్తాను.

127 ఎక్కడిది? ఆ సూపర్ ఐఓ చిప్పుకు ఐదారు సెన్సర్లు కలిపే పిన్నులుంటాయి. బోర్డు తయారుచేసినవాళ్లు రెండో మూడో మాత్రమే వాడుకుంటారు. మిగతావి దేనికీ కలపకుండా గాల్లో ఉంటాయి. ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు, పిన్ను ఉంది కదా అని చదివేస్తుంది. ప్లస్, మైనస్ రెండూ పట్టే 8 బిట్ల సంఖ్యలో అతిపెద్దది 127, అతిచిన్నది మైనస్ 128. అందుకే ఖాళీ పిన్నులు సరిగ్గా ఆ అంకెల దగ్గరే కూర్చుంటాయి. పేర్లు కూడా టీఎంపిన్3, ఆక్స్‌టిన్ అని ఉంటాయి, అంటే ప్రోగ్రాముకే అదేమిటో తెలియదన్నమాట. మీ పెట్టెలో నిజంగా ఏ భాగమైనా 127 డిగ్రీలకు చేరితే మీకు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, వాసనే చెబుతుంది.

27.8 ఇంకా ఆసక్తికరం. ఇది ఏసీపీఐ థర్మల్ జోన్ అనే దాని నుంచి వస్తుంది, అంటే బయాస్ (బోర్డులోనే ఉండి, విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాము) ఆపరేటింగ్ సిస్టానికి అప్పగించే అంకె. దీన్ని కెల్విన్‌లో పదో వంతులుగా రాస్తారు. 3010 అని రాసి ఉంటే 301.0 కెల్విన్, అందులోంచి 273.2 తీసేస్తే 27.8. చాలా డెస్క్‌టాప్ బోర్డుల బయాస్‌లో ఆ 3010ని అలాగే రాసి వదిలేశారు, దాని వెనక సెన్సర్ ఏదీ ఉండదు. 29.8 కూడా దీని తోడబుట్టినదే, కొన్ని బోర్డుల్లో రెండూ కనబడతాయి. మీ గదిలో గాలే 38 డిగ్రీలుంటే పెట్టెలో 27.8 ఉండటం ఎలా సాధ్యం? మామూలు ఫ్యాన్ కూలర్ గానీ, నీళ్ల కూలర్ గానీ గది వేడికన్నా కిందకు దింపలేవు. ఈ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే సగం దొంగ అంకెలు ఇట్టే దొరికిపోతాయి. విండోస్‌లో డబ్ల్యూఎంఐ అనే సమాచార సేవ నుంచి ఉష్ణోగ్రత తీసే చిన్న చిన్న విడ్జెట్లు, నెట్‌లో దొరికే పైథాన్ స్క్రిప్టులు చాలావరకు ఈ థర్మల్ జోన్‌నే చదువుతాయి. వాటిని సీపీయూ వేడి అనుకోవద్దు. టాస్క్ మేనేజర్‌లో 2020 మే అప్‌డేట్ నుంచి కనబడేది గ్రాఫిక్స్ కార్డు వేడి, ప్రాసెసర్‌ది కాదు.

బయాస్‌లోకి వెళ్లి చూస్తే కరెక్టు తెలుస్తుంది కదా అని చాలామంది అడుగుతారు. తెలియదు. బయాస్‌లో ఉన్నప్పుడు విద్యుత్ ఆదా చేసే పద్ధతులు పూర్తిగా పనిచేయవు, కోర్లు నిద్రపోవు. అందుకే విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పటికన్నా బయాస్‌లో ఎక్కువ కనబడుతుంది. అది లోడ్ అంకే కాదు, ఐడిల్ అంకే కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మీరు మూడు ప్రోగ్రాములూ ఒకేసారి తెరిచి పోల్చారని రాశారు. అలా చేయకండి. సూపర్ ఐఓ చిప్పును చదివే పద్ధతి ఏమిటంటే, ముందు ఒక పోర్టులో "నాకు ఫలానా రిజిస్టరు కావాలి" అని నంబరు రాయాలి, తర్వాత పక్క పోర్టులోంచి విలువ చదవాలి. ఒక ప్రోగ్రాము నంబరు రాసి, చదివేలోపు ఇంకో ప్రోగ్రాము వచ్చి వేరే నంబరు రాసిందనుకోండి. మొదటిది ఫ్యాన్ వేగాన్ని ఉష్ణోగ్రత అనుకుని చదివేస్తుంది. మంచి ప్రోగ్రాములు ఒకదానికొకటి తాళం వేసుకుని వంతులవారీగా చదువుతాయి. బోర్డు కంపెనీలు ఇచ్చే సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఆ మర్యాద పాటించవు. "గరిష్ఠం" గడిలో హఠాత్తుగా 0, 255 లాంటివి కనబడటానికి ఎక్కువగా కారణం ఇదే. గరిష్ఠం గడి ఒక్కటే చూసి నిర్ణయానికి రాకండి, గ్రాఫు చూడండి. ఒకే ఒక్క రీడింగులో పైకి లేచి తర్వాతి రీడింగుకే మామూలైపోతే దాన్ని అనుమానించండి.

కొలిచే పనే కొలతను మారుస్తుందన్నది కూడా నిజం. ప్రతి కోరు నుంచి అంకె తేవాలంటే నిద్రలో ఉన్న ఆ కోరును లేపాలి. 2019లో రైజెన్ 3000 వచ్చిన కొత్తలో ఐడిల్‌లో వోల్టేజీ ఎక్కువగా ఉంటోందని పెద్ద గొడవైంది. కొన్ని మానిటరింగ్ ప్రోగ్రాములు మరీ తరచుగా తట్టి లేపడమే అందుకు ఒక కారణమని ఏఎండీ వివరించింది. రెండు సెకన్లకోసారి చదివేలా పెట్టుకోండి, చాలు.

ఇప్పుడు మీ మెషిన్ మీద మీరే చేయగలిగే పరీక్షలు. నేను ఏ మెషిన్ చేతికొచ్చినా ఇవే చేస్తాను, పైసా ఖర్చు లేదు.

మొదటిది పొద్దున్నే చేయాలి. రాత్రి కంప్యూటర్ పూర్తిగా ఆపేయండి. తెల్లారి గదిలో గోడ థర్మామీటర్ ఎంత చూపిస్తోందో రాసుకోండి, పెట్టె ముందు భాగంలో గాలి లోపలికి వెళ్లేచోట పెట్టి చూస్తే ఇంకా మంచిది. కంప్యూటర్ ఆన్ చేసి విండోస్ రాగానే ఒక్క ప్రోగ్రాము తెరవండి. బోర్డు, ఎస్ఎస్‌డీ, సాకెట్ సెన్సర్లు గదికి కొన్ని డిగ్రీలు అటూ ఇటుగా ఉండాలి, కోర్లు అంతకన్నా కొంచెం పైన ఉంటాయి. గదికన్నా బాగా కింద ఉన్నవి, ఎంతసేపైనా కదలనివి, వందపైన ఉన్నవి ఏరిపారేయండి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో అలాంటి వరసల్ని కనబడకుండా దాచే వీలుంది. ఆ తర్వాత మిగిలేవి ఐదారే.

రెండో పరీక్షలోనే అసలు సమాచారం ఉంటుంది. ఐదు నిమిషాలు ఖాళీగా వదలండి. తర్వాత ప్రాసెసర్‌కు ఒక్కసారిగా పూర్తి లోడ్ ఇవ్వండి, సినీబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రాము చాలు. గ్రాఫు మీద కళ్లు పెట్టండి. నిజమైన కోరు సెన్సర్ ఒక్క సెకనులోనే ఎగురుతుంది: 44 ఉన్నది 63, 66 అని. సిలికాన్ ముక్క చిన్నది, అందులో వేడి నిలవడానికి చోటు లేదు కాబట్టి వెంటనే లేస్తుంది. ఆ తర్వాత నెమ్మదిగా నాలుగైదు నిమిషాలపాటు 70, 74, 78 అని పాకుతుంది, ఎందుకంటే ఇప్పుడు వేడెక్కుతున్నది హీట్‌సింక్, దాని వెనక పెట్టెలోని గాలి. లోడ్ ఆపగానే ఎగిరినంతా ఒక్క సెకనులో పడిపోతుంది, పాకినది పాకుతూనే దిగుతుంది. సాకెట్ సెన్సర్‌లో ఆ ఎగురుడు ఉండదు, పాకుడు మాత్రమే ఉంటుంది. మీ 61 వరస లోడ్ పెట్టగానే కోర్లతో పాటు ఎగిరితే అది పెసీ నుంచి వస్తున్న ప్రాసెసర్ అంకె, ఎగరకపోతే బోర్డు మీది సెన్సర్ అని తేలిపోతుంది. ప్రోగ్రాము ఏ పేరు పెట్టినా మీకు పనిలేదు.

ఇదే గ్రాఫు రోగం కూడా చెబుతుంది. లోడ్ పెట్టిన రెండు మూడు సెకన్లలోనే 95 దాటితే వేడి చిప్పు నుంచి హీట్‌సింక్‌కు చేరడం లేదు. పేస్టు ఎండిపోయింది, లేదా ఒక మూల పుష్‌పిన్ సరిగ్గా దిగలేదు. కంపెనీ కూలర్లకు ఆ పుష్‌పిన్ జబ్బు ఎక్కువ, బోర్డు వెనక నుంచి చూస్తే నాలుగు తెల్ల పిన్నులూ పూర్తిగా బయటికి వచ్చి విచ్చుకుని ఉండాలి. అలా కాక మొదటి ఎగురుడు మామూలుగానే ఉండి పది నిమిషాలైనా పాకుతూ పాకుతూ 90 దాటితే పేస్టు జోలికి పోవద్దు. దుమ్ము, ఫ్యాను, పెట్టెలో గాలి ఆడకపోవడం, గది వేడి, వీటిలో ఏదో ఒకటి. ముందు ప్యానెల్ తీసేసి మళ్లీ నడిపి చూడండి. 6, 7 డిగ్రీలు తగ్గితే దొంగ దొరికినట్టే.

ఈ పరీక్ష చేసేటప్పుడు ఉష్ణోగ్రత పక్కనే ప్యాకేజీ పవర్ (ప్రాసెసర్ మొత్తం వాడుతున్న వాట్లు) కూడా రాసుకోండి. వాట్లు చెప్పకుండా డిగ్రీలు చెబితే సగమే చెప్పినట్టు. మీ 12400కు మామూలు పరిమితి 65 వాట్లు, కొంతసేపటి దాకా 117 వరకూ వెళ్లొచ్చు. చాలా బోర్డులు ఆ పరిమితిని వదులు చేసి అమ్ముతాయి. 65 వాట్ల దగ్గర 78 వేరు, 90 వాట్ల దగ్గర 78 వేరు. మొదటిదైతే కూలర్‌ను ఓసారి చూడొచ్చు, రెండోదైతే ఆ చిన్న కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే.

గది వేడి లెక్క మనవాళ్లకు మరీ ముఖ్యం. విదేశీ రివ్యూల్లో పరీక్షలు 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. అక్కడ 63 చూపిన అదే ప్రాసెసర్, అదే కూలర్ మీ 40 డిగ్రీల గదిలో 78 నుంచి 83 దాకా చూపిస్తాయి. ఫ్యాను వేగం, వాట్లు మారకపోతే గది ఎన్ని డిగ్రీలు పెరిగితే కోరు కూడా దాదాపు అన్నే పెరుగుతుంది. కాబట్టి రాసుకునేటప్పుడు కోరు వేడిలోంచి గది వేడి తీసేసి ఆ తేడానే రాసుకోండి. డిసెంబరులో తేడా 38, మేలో కూడా 38 అయితే మీ మెషిన్‌కు ఏమీ కాలేదు, విజయవాడకు ఎండాకాలం వచ్చిందంతే. డిసెంబరులో 38, మేలో 50 అయితే అప్పుడు విప్పాలి. దుమ్ము పట్టడం, పేస్టు ఎండటం ఆ తేడాలో మాత్రమే బయటపడతాయి.

కొంతమంది హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో ఇన్‌ఫ్రారెడ్ గన్ కొని హీట్‌సింక్ మీద గురిపెట్టి "సాఫ్ట్‌వేర్ 78 అంటోంది, గన్ 35 అంటోంది, సాఫ్ట్‌వేర్ అబద్ధం" అంటారు. మెరిసే లోహం తన వేడిని చాలా తక్కువగా వెలువరిస్తుంది, ఎదురుగా ఉన్న వస్తువుల వేడిని అద్దంలా తిప్పి పంపుతుంది. దాని మీద గన్ అంకెకు విలువ లేదు. నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురిపెడితే హీట్‌సింక్ పైభాగం వేడి సరిగ్గా వస్తుంది. అప్పుడు కూడా అది హీట్‌సింక్ వేడే. చిప్పు లోపలి వేడి బయటి నుంచి ఏ గన్నూ చూడలేదు.

గ్రాఫిక్స్ కార్డు, డిస్కుల గురించి క్లుప్తంగా. కార్డులో ఒక సాధారణ అంకె, ఒక హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికన్నా వేడి చోటు) అంకె ఉంటాయి. రెండిటికీ 10, 15 డిగ్రీల తేడా మామూలే, 30 దాటితే కూలర్ సరిగ్గా ఆనలేదని అనుమానించాలి. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న 3080, 3090 కార్డుల్లో చిప్పు 65 దగ్గర హాయిగా ఉన్నా మెమరీ 100 దాటేది. మెమరీ వరసను హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో చూపించడం మొదలుపెట్టాకే చాలామందికి ఆ సంగతి తెలిసింది. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఇచ్చే కాంపోజిట్ అంకె తయారీదారు తన పద్ధతిలో కట్టిన లెక్క, కంట్రోలర్ చిప్పు అంతకన్నా వేడిగా ఉండొచ్చు. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ పట్టికలో 194వ వరస ఉష్ణోగ్రత. కొన్ని కంపెనీలు అదే గడిలో కనిష్ఠం, గరిష్ఠం కూడా కుక్కుతాయి, కాబట్టి ముడి అంకె కోట్లలో కనబడినా భయపడకండి.

ల్యాప్‌టాప్‌లలో కోరు అంకె చదివే పద్ధతి ఇదే. సన్నటి ల్యాప్‌టాప్ లోడ్‌లో 95 దగ్గర నడవడం ఈ రోజుల్లో సాధారణం. ఒక చిక్కు మాత్రం చెప్పాలి. కోర్లు 50 దగ్గరే ఉన్నా మెషిన్ నత్తనడక నడుస్తూ, ప్రాక్‌హాట్ (వేడెక్కింది, వేగం తగ్గించు అనే సంకేతం) వరసలో "యెస్" అని ఉంటే, వేడి ప్రాసెసర్‌ది కాదు. బోర్డు మీద ఇంకో భాగం, లేదా ఛార్జరు సరిగ్గా గుర్తించకపోవడం బయటి నుంచి ఆ సంకేతం పంపుతోంది. పేస్టు మార్చినా తగ్గదు, ముందు కంపెనీ ఛార్జరు పెట్టి చూడండి.

ప్రోగ్రాములు ఎక్కడి నుంచి దించుకుంటారో కూడా చూసుకోండి. ఎంఎస్ఆర్ రిజిస్టర్లు చదవాలంటే కెర్నెల్ స్థాయి డ్రైవర్ కావాలి, అంటే మెషిన్ తాళాలన్నీ అప్పగించినట్టే. చాలా ప్రోగ్రాములు ఏళ్ల తరబడి వాడిన విన్‌రింగ్0 డ్రైవర్‌లో 2020లోనే భద్రతా లోపం నమోదైంది, 2025 మార్చిలో విండోస్ డిఫెండర్ దాన్ని పట్టుకుని ఆపడం మొదలుపెట్టింది. అలాంటి హెచ్చరిక వస్తే డిఫెండర్‌ను ఆపేయకండి, ఆ ప్రోగ్రాము కొత్త వెర్షన్ ఉందేమో చూడండి. లేకపోతే వేరే ప్రోగ్రాముకు మారండి.

మీ మటుకు చేయాల్సింది ఇది. బోర్డు సాఫ్ట్‌వేర్, హెచ్‌డబ్ల్యూ మానిటర్ రెండూ మూసేసి హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ఒక్కటే ఉంచండి. అందులో సీపీయూ ప్యాకేజీ ఉష్ణోగ్రత, టీజే మ్యాక్స్‌కు దూరం, ప్యాకేజీ పవర్, థర్మల్ థ్రాటిలింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) అనే నాలుగు వరసలు ఉంచి మిగతావి దాచేయండి. రెండర్ అరగంట నడిచాక దూరం 10కి పైగా ఉండి, థ్రాటిలింగ్ "నో" అని ఉంటే ఈ ఎండాకాలానికి మీరేమీ చేయక్కర్లేదు. దూరం 5 లోపుకు వస్తే బయాస్‌లోకి వెళ్లి దీర్ఘకాల పవర్ పరిమితిని 65 వాట్లకు పెట్టండి, రెండర్ కాస్త ఆలస్యమవుతుంది గానీ వేడి గణనీయంగా తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే రెండో పరీక్ష గ్రాఫు స్క్రీన్‌షాట్, ఆ సమయానికి గది ఉష్ణోగ్రత, వాట్లు, ఈ మూడూ పెట్టండి. పేస్టా, పుష్‌పిన్నా, గాలా అన్నది ఆ గ్రాఫు చూసి చెబుతాను.